ససాకి పేరెత్తగానే చిబా అభిమాని ముఖం ఎందుకు ముడుచుకుంది?

ప్రశ్న: నిషికసాయ్ కొత్త ప్రేక్షకుడు

జపాన్‌లో ఉన్న మనవాళ్లలో బేస్‌బాల్ బాగా తెలిసినవారు ఎవరైనా ఉంటే కాస్త విడమరచి చెప్పండి. నేను క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగని ఇంట్లో పెరిగాను. 2025 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోటీలు, జరుగుతున్నప్పుడు మా ఆఫీసులో పొద్దున్నే అందరూ ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఊరికే ఉండలేక నేనూ చూడటం మొదలుపెట్టాను.

అందరూ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టులోని జపాన్ తారలు ఓతానిని, యమమోతోను పొగుడుతుంటే నా కన్ను మాత్రం అదే జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) రోకి ససాకి మీద పడింది. ఎడమ కాలిని దాదాపు టోపీ ఎత్తుకు లేపుతాడు. అంత పొడగరి ఒంటికాలి మీద తూలకుండా నిలబడి, ఒక్కసారిగా ముందుకు జారి విసురుతాడు. నాకు ఆటలో సగం నియమాలు తెలియకపోయినా ఆ విసురు మాత్రం మళ్లీ మళ్లీ చూడాలనిపించింది.

మా విభాగంలో ఒక పెద్దాయన ఉన్నారు. చిబా లోటే మెరీన్స్ అభిమాని, ఆయన బల్ల మీద పెన్నుల డబ్బా నుంచి కాలెండరు దాకా అన్నీ ఆ జట్టువే. ససాకి ముందు ఆడింది అక్కడే అని తెలిసి, భోజనాల వేళ సంతోషంగా "మీ కుర్రాడు బాగా వేశాడు కదండీ" అన్నాను. ఆయన "అవును, బాగానే వేశాడు" అని డబ్బా మూత పెట్టేసి లేచి వెళ్లిపోయారు. పక్కనున్న అమ్మాయి నాకు కళ్లతోనే సైగ చేసింది, ఇక వద్దని.

ఇంతకీ ఆ కుర్రాడు చేసిన తప్పేమిటి? హైస్కూలులో ఉండగా ఫైనల్లో కోచ్ ఆడనివ్వలేదని కూడా ఎవరో అన్నారు, నిజమేనా? అమెరికాకు తక్కువ డబ్బుకు వెళ్లాడన్నది మరో మాట. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని అనిపిస్తోంది కానీ ముడి ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

జవాబు 1: మకుహరి గాలి

తెలియక అడిగారు కానీ పుండు మీద కారం చల్లారండీ. ఆ పెద్దాయన లేచి వెళ్లిపోయారంటే మర్యాదస్తులని అర్థం. నేనైతే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు అదే ఇస్తాను.

మాది చిబా. కైహిన్‌మకుహరి స్టేషనులో దిగి సముద్రం వైపు నడిచి వెళితే వచ్చేదే మెరీన్స్ మైదానం. స్కోరుబోర్డు మీద పరుగులతో పాటు గాలి వేగం కూడా వేస్తారు, అంత గాలి అక్కడ. మాది పేరు గొప్ప జట్టు కాదు. జపాన్ సిరీస్ చివరిసారి గెలిచింది 2010లో. అలాంటి మాకు 2019 అక్టోబరు డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజున, లాటరీ తగిలింది. ఇది అలంకారం కాదు, నిజంగానే లాటరీ. ససాకిని నాలుగు జట్లు కోరుకున్నాయి, చీటీలు తీశారు, మా మేనేజరు ఇగుచి చేతికి గెలుపు చీటీ వచ్చింది. అప్పటికే ఆ కుర్రాడు 17 ఏళ్లకే గంటకు 163 కిలోమీటర్ల వేగంతో విసిరాడన్న పేరుంది.

ఆ తర్వాత ఏం చేశామో చూడండి. 2020 అంతా అతణ్ణి మొదటి జట్టుతోనే తిప్పారు, తిండి పెట్టారు, సాధన చేయించారు. మ్యాచ్ మాత్రం ఒక్కటీ ఆడించలేదు. రెండో జట్టు తరఫున కూడా! వేరే ఏ జట్టయినా టిక్కెట్లు అమ్ముకోవడానికైనా ఓ ఇన్నింగ్స్ వేయించేది (ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కు తొమ్మిది). మా పిచింగ్ కోచ్ యోషీ ససేమిరా అన్నాడు. ఆయన అమెరికాలో ఆడి వచ్చినవాడు, తర్వాత త్సుకుబా విశ్వవిద్యాలయంలో కోచింగ్ చదువుకున్నవాడు. ఆ చెయ్యి విసిరే వేగాన్ని ఒళ్లు ఇంకా మోయలేదని ఆయన లెక్క. 2021 మేలో గానీ మొదటి మ్యాచ్ రాలేదు. ఆ ఏడాది అతను వేసింది 63 ఇన్నింగ్స్ చిల్లర.

2022 ఏప్రిల్ 10న ఆ ఎదురుచూపంతా ఒక్క మధ్యాహ్నంలో ఫలించింది. ప్రత్యర్థి ఓరిక్స్, అంతకు ముందు ఏడాది లీగ్ విజేత. 27 మంది వచ్చారు, 27 మందీ బేస్ ముట్టకుండా వెనుదిరిగారు. దాన్నే పర్ఫెక్ట్ గేమ్ అంటారు, జపాన్‌లో 28 ఏళ్ల తర్వాత వచ్చింది. అందులో 19 స్ట్రైకవుట్లు (బంతిని కొట్టలేక మూడు స్ట్రైక్‌లతో అవుటవడం), వాటిలోనూ వరసగా 13. మొదటి ఇన్నింగ్స్ మూడో బ్యాటర్‌తో మొదలై అయిదో ఇన్నింగ్స్ చివరిదాకా బంతికి సరిగా బ్యాటు తగిలించి మైదానంలోకి కొట్టినవాడు లేడు. వరస స్ట్రైకవుట్లలో జపాన్ పాత రికార్డు 9, అమెరికాలో 10. ఆ మూడో బ్యాటర్ యోషిదా మసతాకా, బ్యాటు ఊపితే బంతి తప్పిపోవడమే తెలియని మనిషి, స్ట్రైకవుట్ అవడమే అరుదు. ఆ రోజు మూడుసార్లు అయ్యాడు. బంతులు అందుకున్న మత్సుకావాకు 18 ఏళ్లు, హైస్కూలు నుంచి అప్పుడే వచ్చాడు. ఇరవై ఏళ్లవాడు విసురుతున్నాడు, పద్దెనిమిదేళ్లవాడు పడుతున్నాడు, అవతల లీగ్ విజేతలు నోరెళ్లబెట్టి చూస్తున్నారు. మొత్తం 105 బంతుల్లో ముగించాడు.

వారం తిరిగిందో లేదో, ఏప్రిల్ 17 ఆదివారం నిప్పన్ హామ్‌తో మ్యాచ్. ఆ రోజు నేను మైదానంలో ఉన్నాను. మళ్లీ అదే వరస. ఎనిమిది ఇన్నింగ్స్‌లు, 24 మంది, ఒక్కరూ బేస్ చేరలేదు, 14 స్ట్రైకవుట్లు. నా పక్కన కూర్చున్న ముసలాయన ఆరో ఇన్నింగ్స్ నుంచీ మాట్లాడటం మానేశాడు, దిష్టి తగులుతుందేమోనని. చిక్కేమిటంటే మావాళ్లూ పరుగు తీయలేదు, స్కోరు 0-0. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వేరే పిచర్ పేరు ప్రకటించారు. మైదానమంతా ఒక్కసారి "అయ్యో" అన్నట్టు మూలిగింది. అప్పటికి 102 బంతులు పడ్డాయి, ఇగుచి ఇక చాలన్నాడు. ప్రపంచంలో ఎవరూ వరసగా రెండు పర్ఫెక్ట్ గేమ్‌లు వేయలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ మూడు అవుట్లు ఉండగానే ఆపేశాడు. పదో ఇన్నింగ్స్‌లో వాళ్లు ఒక హోమ్ రన్ కొట్టారు, 1-0తో ఓడిపోయి ఇంటికి వచ్చాం.

ఆ రోజు ఇగుచిని తిట్టినవాళ్లు తక్కువ, అది గుర్తుంచుకోండి. ఆ చెయ్యి మాది కాబట్టి, ఇంకో పదేళ్లు చూసుకోవాలి కాబట్టి దాచుకుంటున్నామని అనుకున్నాం.

ఇక మీరు అడిగిన డబ్బు సంగతి. జపాన్ ఆటగాడు తనంతట తాను విదేశం వెళ్లాలంటే తొమ్మిదేళ్ల సర్వీసు ఉండాలి. ముందే వెళ్లాలంటే జట్టు ఒప్పుకుని పంపాలి. 25 ఏళ్లు, ఆరు సీజన్లు నిండకుండా వెళ్తే అమెరికా నియమాల్లో అతను ఔత్సాహికుడి కింద లెక్క. ఎంత మొనగాడైనా పరిమితమైన బోనస్ తప్ప పెద్ద కాంట్రాక్టు ఇవ్వకూడదు. యమమోతో 25 నిండాక వెళ్లి డాడ్జర్స్ దగ్గర 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లు రాయించుకున్నాడు. అతని పాత జట్టు ఓరిక్స్‌కు 5 కోట్ల డాలర్లకు పైగా ముట్టింది. ససాకి 23 ఏళ్లకే, 2025 జనవరిలో, అదే డాడ్జర్స్‌కు 65 లక్షల డాలర్ల బోనస్‌కు వెళ్లాడు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 16 లక్షలు, మా జట్టు వాటా.

ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే అతనికీ కోట్లు, మాకూ కోట్లు. ఆగలేదు. సరే, డబ్బు పోతే పోయింది. అంతకు మించి నొప్పి కలిగించేది మరొకటుంది. సీజన్‌లో 143 ఇన్నింగ్స్ వేస్తేనే సగటుల పట్టికలో పేరు వస్తుంది. అయిదేళ్లలో ఒక్కసారి కూడా అతను ఆ గీత దాటలేదు. ఎక్కువలో ఎక్కువ వేసింది 2022లో, 129 చిల్లర. 2023లో పక్క కండరం పట్టేసింది. 2024లో మొదటిసారి పది గెలుపులు వచ్చాయి. ఇప్పుడే కదా మొదలైందని మేము అనుకుంటుండగా, ఆ నవంబరులోనే పంపిస్తున్నామని జట్టు ప్రకటించింది. ఆ ఏడాది మొదట్లో కాంట్రాక్టు మీద సంతకం పెట్టడానికి కూడా జనవరి చివరిదాకా నానబెట్టాడు, మొత్తం 12 జట్లలో ఆఖరి సంతకం అతనిదే.

యమమోతో ఏం చేశాడు? 2021 నుంచి వరసగా మూడేళ్లు ఓరిక్స్‌కు లీగ్ టైటిల్ తెచ్చి, మూడేళ్లూ మేటి పిచర్‌కిచ్చే సవమురా అవార్డు తీసుకుని వెళ్లాడు. పోతూ పోతూ 2023 సెప్టెంబరులో మా మైదానానికే వచ్చి, మాకు ఒక్క హిట్ ఇవ్వకుండా మ్యాచ్ ముగించి పోయాడు. ఓరిక్స్ వాళ్లు కళ్లనీళ్లతో సాగనంపారు. మేము చెట్టు పెంచాం, కాయ మాత్రం పక్కింటి పెరట్లో రాలింది.

అదండీ ఆ పెద్దాయన డబ్బా మూత కథ.

జవాబు 2: సెండాయ్ పరిశోధక విద్యార్థి

మకుహరి గారు చెప్పినదంతా సరే. ఆయన 2019 డ్రాఫ్టు నుంచి ఎత్తుకున్నారు కాబట్టి ముందు సంగతి నేను చెబుతాను. ఈశాన్య జపాన్‌లోని ఈ తోహోకు ప్రాంతంలో ససాకి మీద ఎవరూ ముఖం తిప్పుకోరు.

సొంత ఊరు ఇవాతే రాష్ట్రంలోని రికుజెన్‌తకాత. 2011 మార్చి 11 సునామీ ఆ ఊరిని ఊడ్చిపెట్టేసింది. సముద్రపు ఒడ్డున సుమారు 70 వేల పైన్ చెట్ల తోపు ఉంటే ఒక్కటే మిగిలింది. ససాకికి అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి, తాతయ్య, నాయనమ్మ పోయారు. ఇల్లు పోయింది. కుటుంబం పక్కనున్న ఒఫునాతోకు మారింది. హైస్కూలు వయసు వచ్చేసరికి పేరున్న బడులు పిలిచినా వెళ్లకుండా, తనతో పాటు ఆడిన పిల్లలతో కలిసి ఒఫునాతో ప్రభుత్వ బడిలోనే చేరాడు. వాళ్లతోనే కోషియెన్‌కు వెళ్లాలని పట్టుదల. కోషియెన్ అంటే హైస్కూలు జాతీయ పోటీ. ఇక్కడ దానికి ఉన్న పిచ్చి చెబితే నమ్మరు. ఆ బడి అక్కడికి చివరిసారి వెళ్లింది 1984లో.

2019 జూలైలో రాష్ట్ర స్థాయి పోటీలు. నాలుగో రౌండులో 12 ఇన్నింగ్స్, 194 బంతులు వేశాడు, గెలిపించిన హోమ్ రన్ కూడా తనే కొట్టాడు. మూడు రోజులకు సెమీఫైనల్లో మళ్లీ మొత్తం మ్యాచ్, 129 బంతులు, ప్రత్యర్థికి సున్నా. మర్నాడే ఫైనల్. ఎదుట ఓతాని చదివిన హనమాకి హిగాషి బడి. గెలిస్తే 35 ఏళ్ల కల నిజమవుతుంది. కోచ్ ససాకిని దింపలేదు. పిచర్‌గానే కాదు, బ్యాటర్‌గా కూడా. 12-2తో ఓడిపోయారు. అతను చివరిదాకా బెంచీ దగ్గరే ఉన్నాడు.

మర్నాడు దేశం రెండుగా చీలిపోయింది. బడికి ఫోన్ల మీద ఫోన్లు, తిట్లు. మాజీ ఆటగాళ్లలో ఒకరు పిరికితనం అంటే, మరొకరు సాహసం అన్నారు. దీని వెనక ఎంత చరిత్ర ఉందో తెలిస్తే ఆ రగడ అర్థమవుతుంది. 1998లో మత్సుజాకా కోషియెన్ క్వార్టర్ ఫైనల్లో 17 ఇన్నింగ్స్, 250 బంతులు వేశాడు, ఇప్పటికీ పురాణంలా చెప్పుకుంటారు. 2018లో అకిత వ్యవసాయ పాఠశాల కుర్రాడు యోషిదా ఒక్క కోషియెన్‌లో 881 బంతులు వేస్తే దేశం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య ఒక పల్లె బడి కోచ్ ముప్పై రెండేళ్ల వయసులో అడ్డం తిరిగాడు. మరుసటి ఏడాది నుంచి హైస్కూలు సమాఖ్య వారానికి 500 బంతులని హద్దు గీసింది. ఈ ఫైనల్ ఒక్కటే అందుకు కారణమని అనను, కానీ చర్చ ఆ వేసవిలో ముదిరింది.

నా దృష్టిలో లోటే వాళ్లు దాచింది రెండోసారి. మొదట దాచింది ఒఫునాతో.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 2023 మార్చి 11న, సునామీకి సరిగ్గా 12 ఏళ్లయిన రోజున, ప్రపంచ పోటీలో చెక్ జట్టు మీద అతను ఆడాడు. గంటకు 162 కిలోమీటర్ల బంతి ఒకటి జారి విల్లీ ఎస్కాలా మోకాలికి తగిలింది. అతను కుంటుతూనే లేచి పరుగెత్తి చూపించాడు. తర్వాత ససాకి చెక్ జట్టు బస చేసిన హోటలుకు రెండు సంచుల నిండా మిఠాయిలు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పాడు. అవి లోటే మిఠాయిలే, ఆ జట్టు యజమాని మిఠాయిల కంపెనీ కదా! 2025లో ఒఫునాతో అడవులు తగలబడినప్పుడు కోటి యెన్‌లు, 500 పరుపుల సెట్లు పంపాడు. అప్పటికి అమెరికాలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

జవాబు 3: డాడ్జర్స్ ఇంటి కోడలు

లాస్ ఏంజెలిస్ నుంచి. మా అత్తవారింట్లో డాడ్జర్స్ ఓడితే ఆ రాత్రి వంట కూడా చప్పగా ఉంటుంది, కాబట్టి నాకూ ఈ మతం తప్పలేదు.

మకుహరి గారూ, మీ కాయ ఇక్కడ రాలీ రాలగానే తీపి రాలేదండీ. 2025 మార్చి 19న టోక్యో డోమ్‌లోనే మొదటి మ్యాచ్, మూడు ఇన్నింగ్స్‌లో అయిదు వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఊరికే బేస్ ఇచ్చేయడం). పది రోజులకు మా ఊళ్లో రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. డగౌట్‌లో కళ్లు తడిగా కూర్చున్న ఆ పిల్లాణ్ణి కెమెరాలు వదలలేదు. మా మామగారు "వీడి కోసమా ఇంత హడావిడి చేసింది" అన్నారు. ఏప్రిల్ గడిచినా వేగం రాలేదు. అక్కడ 160 దాటించే చెయ్యి ఇక్కడ చాలాసార్లు 155 దగ్గర ఆగిపోయేది. అమెరికా బంతి కాస్త పెద్దది, జారుడు ఎక్కువ. జపాన్‌లో వారానికి ఒకసారి వేస్తే చాలు, ఇక్కడ అయిదారు రోజులకే వంతు వస్తుంది. మే నెలలో భుజం నొప్పితో పక్కకు వెళ్లాడు, నెలల తరబడి జాడ లేదు.

సెప్టెంబరు చివర్లో రిలీఫ్ పిచర్‌గా తిరిగి వచ్చాడు. అతనికి అలవాటు లేని పని. ఆట చివర్లో దిగి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసి తాళం వేయడం. పూర్తి బలంతో కొద్దిసేపే వేయాలి కాబట్టి కాబోలు, వేగం తిరిగి వచ్చింది, గంటకు 100 మైళ్లు. మా జట్టులో చివరి ఇన్నింగ్స్‌కు నమ్మదగినవాడు లేక అల్లాడుతున్నప్పుడు వచ్చాడు. ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియాతో నాలుగో మ్యాచ్ చూడాల్సింది మీరు. 1-1 మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో దిగి, పది దాకా తొమ్మిది మందిని వరసగా పంపించేశాడు. అతను డగౌట్‌కు వస్తుంటే మా మామగారు లేచి నిలబడ్డారు, ఏప్రిల్‌లో అన్న మాట నేను గుర్తుచేయలేదు. ఆ అక్టోబరులో తొమ్మిది మ్యాచ్‌లు, మూడు సేవ్‌లు (చివర్లో దిగి ఆధిక్యం కాపాడటం), ఇచ్చింది ఒక్కటే పరుగు. టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ గెలిచాక నవంబరు 3న ఇక్కడ ఊరేగింపు జరిగింది. ఆ రోజే అతనికి 24 నిండాయి.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. భుజం ఎప్పుడు పోతుందో తెలియనివాడు, తొమ్మిదేళ్లకే సముద్రం అన్నీ ఎత్తుకుపోగా చూసినవాడు, "ఇంకో రెండేళ్లు ఆగు, అన్నీ బాగుంటాయి" అంటే నమ్ముతాడా?

ప్రశ్న వేసినవారు మళ్లీ: నిషికసాయ్ కొత్త ప్రేక్షకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. ముడి దొరికింది, విప్పడమే తెలియడం లేదు. మకుహరి గారూ, మీకు అసలు కోపం అతని మీదా, నియమం మీదా? మళ్లీ ఆ పెద్దాయనతో బేస్‌బాల్ మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మకుహరి గాలి

అమ్మా, కోడలు గారూ, మీరు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ కోణంలో అతను చేసింది సబబే. సెండాయ్ తమ్ముడు చెప్పింది కూడా ఒప్పుకుంటాను, మొదట దాచింది ఒఫునాతోనే.

న్యాయంగా చూస్తే తప్పు నియమానిది. 25 ఏళ్ల గీత లేకపోతే మాకు దక్కాల్సింది దక్కేది, ఎవరి దారిన వాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లం. అతన్ని పంపిన జట్టు యాజమాన్యానిది కూడా, పంపకూడదనుకుంటే పంపకుండా ఉండే హక్కు వాళ్లకు ఉంది. ఇదంతా తెలిసీ నా కోపం మాత్రం అతని మీదే. అభిమాని కోపానికి న్యాయంతో పనేముంది! 2025లో మా జట్టు లీగ్‌లో అట్టడుగున ముగించింది. అప్పటికి మేనేజరైన యోషీ తప్పుకున్నాడు. ఆ కుర్రాణ్ణి ఏడాదంతా మ్యాచ్ ఆడించకుండా కాపాడిన మనిషి ఖాళీ చేతులతో వెళ్లిపోతుంటే, అదే అక్టోబరులో అవతల అతను ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ మూసేస్తున్నాడు. ఫిలడెల్ఫియా మ్యాచ్ నేనూ చూశాను. తొమ్మిది మందినీ లెక్కపెట్టుకుంటూనే చూశాను, ఎవరికీ చెప్పకండి.

నాకు తేలాల్సింది ఒక్కటే మిగిలింది. రిలీఫ్‌లో నెల రోజులు మెరవడం వేరు, ఆరు నెలలు వారం వారం వరసలో నిలబడి 150 ఇన్నింగ్స్ మోయడం వేరు. మా దగ్గర అయిదేళ్లలో అది జరగలేదు, అక్కడ మొదటి ఏడాదీ జరగలేదు. అతను స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదటి నుంచీ వేసే పిచర్‌గా, ఒక్క పూర్తి సీజన్ వేసిన రోజున, దాచినవాళ్ల లెక్క సరైందని నేనే ఇక్కడికి వచ్చి రాస్తాను.

పెద్దాయన సంగతంటారా, ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌కు మీరే టిక్కెట్లు తీసుకుని పిలవండి. కుడి వైపు అవుట్‌ఫీల్డ్ టిక్కెట్లు మాత్రం కొనకండి, అక్కడ మూడు గంటలూ నిలబడి పాటలు పాడుతూ గెంతాలి, మొదటిసారికి మీ వల్ల కాదు. మాంసం తినేవారైతే అక్కడ అమ్మే మోత్సునీ కొనుక్కోండి, పేగులతో చేసే వేడి వేడి పులుసు, ఆ గాలిలో ప్రాణం లేచి వస్తుంది. ఏప్రిలే కదా అని పలచటి చొక్కాతో వెళ్లకండి, దళసరి కోటు పట్టుకెళ్లండి.

ఇక మాట మొదలుపెట్టడానికి, 2022 ఏప్రిల్ 17న ఆయన ఎక్కడున్నారో అడగండి. పది కాదు, 17. పదో తేదీ గురించి అందరూ అడుగుతారు.

నిషికసాయ్ కొత్త ప్రేక్షకుడు

అడిగేశానండీ, ఏప్రిల్ దాకా ఆగలేకపోయాను. మూడో బేస్ వైపు పై అంతస్తులో ఉన్నారట. ఇగుచి చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటున్నారు. ఎందుకో చెప్పడం మొదలుపెట్టి, భోజనం గంట అయిపోయినా ఆపలేదు.